కోవర్కింగ్ స్పేస్ వెబ్‌సైటు మార్చాలా? ముందు రిసెప్షన్ ఫోను దగ్గర కూర్చోండి

"సైటు పాతబడింది, కొత్తది చేయించాలి" అని కోవర్కింగ్ (సీట్లూ కేబిన్లూ అద్దెకిచ్చే ఉమ్మడి ఆఫీసు) ఓనరు ఎవరైనా నా దగ్గరికొచ్చారంటే, అప్పటికే ఆయన ఫోన్లో నాలుగు స్క్రీన్‌షాట్లు ఉంటాయి. ఒకటి బెంగళూరు సైటుది, ఒకటి లండన్‌ది, మిగతావి ఎక్కడివో ఆయనకే గుర్తుండదు. "ఇట్లా కావాలండీ" అంటారు. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇలాంటి సైట్లు కొన్ని కట్టాను. ఆ స్క్రీన్‌షాట్లు నాకు ఒక్కసారి కూడా అక్కరకు రాలేదు. అక్కరకొచ్చింది రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి దగ్గరున్న లాంగ్ నోట్‌బుక్కు.

అందుకే ఈ పనిని డిజైన్ దగ్గర కాకుండా ఆ నోట్‌బుక్కు దగ్గర మొదలుపెట్టమంటాను. మీది ఇరవై సీట్ల అంతస్తైనా, మూడు బ్రాంచీలున్న వ్యాపారమైనా వరస ఇదే.

వారం రోజులు ఫోన్లు వినండి

వచ్చిన ప్రతి ఫోనుకీ, ప్రతి వాట్సాప్ మెసేజికీ మొదటి ప్రశ్న ఏమిటో రాసిపెట్టమని రిసెప్షన్‌లో చెప్పండి. అడిగినవాళ్ల మాటల్లోనే రాయాలి, సరిదిద్దకూడదు. "సార్, సీటు ఎంత పడుద్ది?" "బండి పెట్టుకోడానికి ప్లేస్ ఉంటదా?" "జీఎస్టీకి అడ్రస్ ఇస్తారా?" "కరెంటు పోతే ఏంటి పరిస్థితి?" "మాది యూఎస్ షిఫ్టు, రాత్రి రెండింటిదాకా ఉండొచ్చా?" "అడ్వాన్స్ ఎన్ని నెలలది?" "రేపు పదకొండింటికి ఇంటర్వ్యూలున్నాయి, రూము గంటకెంత?" వారం తిరిగేసరికి ఎన్ని ఫోన్లొచ్చినా ప్రశ్నలు మాత్రం పది పన్నెండు రకాలేనని తేలిపోతుంది.

ఇప్పుడు ఆ జాబితా పక్కన పెట్టుకుని మీ పాత సైటును ఫోన్లో తెరవండి. ఒక్కో ప్రశ్నకూ జవాబు వెతకండి. రెండు నొక్కుల్లో దొరక్కపోతే దాని ఎదురుగా ఇంటూ పెట్టండి. ఆ ఇంటూలున్న కాగితమే మీ కొత్త సైటు ప్లాను. డిజైనర్‌కి ఇవ్వాల్సింది అదే. "స్ఫూర్తినిచ్చే వాతావరణం", "ఆలోచనలు కలిసే చోటు" లాంటి మాటలు కావాలని ఇంతవరకూ ఎవరూ ఫోన్ చేయలేదు.

ఆ నోట్‌బుక్కులో ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. కోవర్కింగ్ అనే మాట ఈ అర్థంలో 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ మొదలుపెట్టిన చోటుతో వాడుకలోకి వచ్చింది. మీ బోర్డు మీదా అదే ఉంటుంది. ఫోన్ చేసేవాళ్లలో చాలామంది మాత్రం ఆ మాట అనరు. మాదాపూర్ వైపు "ప్లగ్ అండ్ ప్లే ఉందా" అంటారు. విజయవాడలో "షేరింగ్ ఆఫీసంట కదా" అన్నవాళ్లున్నారు. "ఫర్నిష్డ్ ఆఫీస్ చిన్నది కావాలి" అనేవాళ్లయితే లెక్కేలేదు. జనం నోట్లో ఏ మాట ఉంటుందో గూగుల్లో కొట్టేదీ అదే. పేజీ హెడ్డింగుల్లో, మొదటి పేరాల్లో ఆ మాటలు రావాలి.

పాత ఇంటి సామాను లెక్క చూసుకోండి

ఇది విసుగు పని. ఇది మానేసినవాళ్లే తర్వాత ఏడుస్తారు, కాబట్టి ఒక పూట కేటాయించండి.

మొట్టమొదట డొమైన్ (మీ సైటు పేరు, అంటే బ్రౌజర్లో కొట్టే అడ్రసు) ఎవరి పేరు మీద ఉందో చూడండి. నాలుగేళ్ల కింద సైటు చేసిన కుర్రాడి ఈమెయిల్‌తో రిజిస్టరై ఉండి, ఆ కుర్రాడు ఇప్పుడు కెనడాలో ఉంటే, కొత్త సైటు మాట అటుంచి రెన్యువల్ కూడా మీ చేతిలో లేనట్టే. డొమైన్, హోస్టింగ్ (సైటు ఉండే సర్వరు), గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (మ్యాప్స్‌లో కనబడే మీ వివరాలు), సెర్చ్ కన్సోల్ (గూగుల్లో ఏం వెతికి మీ సైటుకొస్తున్నారో చూపేది), అనలిటిక్స్ (సైటుకొచ్చినవాళ్ల లెక్క) ఈ ఐదింటి లాగిన్లూ మీ కంపెనీ ఈమెయిల్ మీదకి వచ్చాకే ఎవరికైనా అడ్వాన్స్ ఇవ్వండి.

తర్వాత సెర్చ్ కన్సోల్ తెరవండి. అందులో 16 నెలల వెనక్కి చూడొచ్చు. ఏ పేజీకి ఏ మాటలతో జనం వస్తున్నారో ఎక్సెల్‌లోకి దించుకోండి. ఒక సైటులో హోమ్ పేజీ కన్నా ఎక్కువ మంది ఒక మూల పడి ఉన్న "మీటింగ్ రూమ్స్" పేజీకే వస్తున్నారని ఇలాగే తెలిసింది. ఆ పేజీని తీసేయాలని అప్పటికే అనుకుని ఉన్నాం!

అనలిటిక్స్‌లో ఒక చిన్న సెట్టింగు కూడా ఇప్పుడే మార్చేయండి. జీఏ4లో (గూగుల్ అనలిటిక్స్ ఇప్పటి రూపం) వివరమైన డేటా నిల్వ ఉండే గడువు మామూలుగా 2 నెలలకే పెట్టి ఉంటుంది, దాన్ని 14 నెలలు చేయొచ్చు. ఇవాళ మారిస్తేనే రేపు పాత సైటుకీ కొత్త సైటుకీ తేడా పోల్చి చూడగలరు.

చివరగా పాత సైటులోని పేజీల అడ్రసులన్నీ ఒక వరసలో రాసి, ఎదురుగా కొత్త సైటులో ఏ పేజీకి వెళ్లాలో రాయండి. ఈ పట్టికతో తర్వాత పనుంది, దాచండి.

వచ్చేవాళ్లు ఒక్క రకం కాదు

డే పాస్ అడిగే ఫ్రీలాన్సరు, నెలవారీ డెస్కు తీసుకునే ఉద్యోగి, ఆరుగురికి కేబిన్ వెతికే చిన్న కంపెనీవాడు, రెండు గంటలకి మీటింగ్ రూము కావాల్సిన హెచ్ఆర్, అసలు సీటే వద్దు అడ్రసు చాలనే వర్చువల్ ఆఫీస్ కస్టమరు... వీళ్లు ఐదుగురికీ ఒకరితో ఒకరికి పోలిక లేదు. ఫ్రీలాన్సరు పది నిమిషాల్లో నిర్ణయం తీసుకుంటాడు. కేబిన్ తీసుకునేవాడు మూడు చోట్లు తిరిగి, పార్టనర్‌ని తీసుకొచ్చి, ఫర్నిచరు కొలిచి, అప్పుడు బేరం మొదలుపెడతాడు. ఇద్దరినీ "మా ప్లాన్లు" అనే ఒకే పేజీలో నిలబెడితే ఇద్దరూ వెళ్లిపోతారు.

ఒక్కొక్కరికి ఒక్కో పేజీ ఇవ్వండి. హోమ్ పేజీ చేయాల్సింది వచ్చినవాణ్ని వాడి పేజీకి పంపడమే. పై భాగంలో ఏ ఊరు, ఏ ఏరియా, ఏ మెట్రో స్టేషనుకో జంక్షనుకో దగ్గర అన్నది ఒక లైను. కింద ఐదు గుర్తులు, ఒక్కోదాని పక్కన మొదలయ్యే రేటు. ఆ తర్వాత ఒక నిజమైన ఫొటో. దొర్లిపోయే స్లయిడర్లు పెట్టొద్దు. మూడో స్లయిడు దాకా ఆగి చూసిన మనిషిని నేనింకా చూడలేదు.

బ్రాంచీలు రెండు మూడుంటే ప్రతి బ్రాంచీకీ పూర్తి పేజీ కావాలి, దాని రేట్లు, దాని ఫొటోలు, దాని పార్కింగు దానివే. కొండాపూర్‌లో ఉండేవాడికి మీ సికింద్రాబాద్ టెర్రస్ ఎంత బాగుంటే మాత్రం ఏం లాభం?

రేట్లు రాయాలా, వద్దా

ప్రతిసారీ ఇక్కడే వాదన మొదలవుతుంది. "రేటు పెడితే పక్కవాడు చూస్తాడు" అంటారు ఓనర్లు. పక్కవాడు మీ రేటు తెలుసుకోవాలంటే తన దగ్గర పనిచేసే కుర్రాడితో ఒక ఫోన్ చేయిస్తాడు, అయిపోయింది. రేటు దాచడం వల్ల ఆగిపోయేది కస్టమరే. రాత్రి పదకొండింటికి నాలుగు సైట్లు పక్కపక్కన తెరిచి చూస్తున్న మనిషి, రేటున్న రెండింటినీ ఉంచుకుని మిగతా రెండూ మూసేస్తాడు. ఆ సమయంలో మీ రిసెప్షన్ కూడా మూసే ఉంటుంది కదా.

డే పాస్, డెస్కు, మీటింగ్ రూము, వర్చువల్ ఆఫీస్ వీటికి కచ్చితమైన రేటు రాయండి. కేబిన్లకు మాత్రం "ఇంత నుంచి" అని రాస్తే తప్పులేదు, ఎందుకంటే నెలల గడువును బట్టి, సీట్లను బట్టి అది నిజంగానే మారుతుంది.

రేటు ఒక్కటీ రాసి వదిలేయొద్దు. మోసపోయామనిపించేది రేటు వల్ల కాదు, దాని వెనక వచ్చేవాటి వల్ల. డెస్కు నెలకు 6,000 అనుకుందాం. 18 శాతం జీఎస్టీ 1,080 కలిపి 7,080 అని అక్కడే రాయండి. డిపాజిట్ ఎన్ని నెలలది, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారు, నోటీసు ఎంత, ప్రింటవుట్లు నెలకు ఎన్ని ఉచితం, మీటింగ్ రూము గంటలు ఎన్ని కలిసొస్తాయి, కారు పార్కింగుకు విడిగా ఎంత, బైక్‌కు ఎంత, ఏసీ ఎన్నింటికి ఆపేస్తారు. చివరిది నవ్వులాటకు అనడం లేదు. సాయంత్రం ఏడింటికి ఏసీ ఆగిపోయే ఆఫీసుల్లో యూఎస్ షిఫ్టువాళ్లు మొదటి వారమే గొడవ పెట్టుకుంటారు.

జీఎస్టీ గురించి ఇంకో మాట కూడా ప్రశ్నలూ జవాబుల పేజీలో ఉండాలి. స్థలానికి సంబంధించిన సేవకు పన్ను ఆ స్థలం ఉన్న రాష్ట్రంలోనే పడుతుంది. మీరు హైదరాబాద్‌లో ఉండి, మీ కస్టమరు బెంగళూరు రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీ అయితే, బిల్లు మీద సీజీఎస్టీ (కేంద్రం వాటా), తెలంగాణ ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) పడతాయి. వాళ్లకి తెలంగాణలో రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ పన్నును ఇన్‌పుట్ కింద, అంటే తాము కట్టాల్సిన పన్నులోంచి, తగ్గించుకోలేరు. ఇది ముందే తెలిస్తే వాళ్ల అకౌంటెంటు మీతో మర్యాదగా మాట్లాడతాడు. మీ ఆడిటర్ చేత నాలుగు వాక్యాలు రాయించి పెట్టండి, మీరు సొంతంగా రాయొద్దు.

వర్చువల్ ఆఫీస్ పేజీ విడిగా, వివరంగా

ఈ పేజీని చాలామంది మూడు లైన్లతో సరిపెడతారు. నిజానికి ఎక్కువ ప్రశ్నలుండేది ఇక్కడే, డబ్బు వేరే ఊరి నుంచి చూడకుండానే పంపేదీ ఈ కస్టమరే. అమెజాన్‌లోనో ఫ్లిప్‌కార్ట్‌లోనో అమ్ముకునేవాళ్లు ఇంకో రాష్ట్రంలో సరుకు పెట్టుకోవాలంటే అక్కడ జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి, దానికి అడ్రసు కావాలి. అలాంటివాళ్లకు తెలియాల్సింది మీరు ఏ కాగితాలు ఇస్తారన్నది: అద్దె ఒప్పందం, యజమాని సమ్మతి పత్రం, కరెంటు బిల్లో ఆస్తి పన్ను రసీదో. ఎన్ని రోజుల్లో ఇస్తారు, స్టాంపు పేపరు ఖర్చు ఎవరిది, అధికారి తనిఖీకి వస్తే రిసెప్షన్‌లో ఎవరు మాట్లాడతారు, కంపెనీ పేరు బోర్డు ఎక్కడ పెడతారు, పోస్టు వస్తే ఎలా పంపిస్తారు. జీఎస్టీ నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ నంబరు ప్రవేశద్వారం దగ్గర బోర్డు మీద ఉండాలి. రిజిస్టర్డ్ ఆఫీసు బయట పేరు ఉండాలని కంపెనీల చట్టం కూడా అంటుంది. అందుకే బోర్డు ఫొటో ఒకటి పెట్టండి. గోడ మీద వరసగా ఉన్న పేర్లు చూస్తే వేరే రాష్ట్రంలో కూర్చున్న మనిషికి సగం భయం పోతుంది.

చేయలేనిది కూడా రాయండి. వర్చువల్ ఆఫీస్ తీసుకున్నవాళ్లు ఆ అడ్రసుతో గూగుల్ మ్యాప్స్‌లో తమ వ్యాపారం పెట్టుకోవచ్చా అని అడుగుతారు. తమ సొంత మనుషులు పని వేళల్లో అక్కడ లేకపోతే గూగుల్ నిబంధనలు ఒప్పుకోవు. "పెట్టుకోవచ్చు" అని అమ్మేసి, ప్రొఫైల్ సస్పెండయ్యాక ఫోన్లు భరించడం కంటే ముందే చెప్పేయడం నయం.

ఫొటోలు: మెట్ల దగ్గర మొదలుపెట్టండి

నవ్వుతూ లాప్‌టాప్ చుట్టూ చేరిన విదేశీ మొహాల స్టాక్ ఫొటోలు మొత్తం తీసేయండి. మీ గదిలో లేని కుర్చీ, మీ గోడకు లేని ఇటుక రంగు చూపిస్తే, చూడ్డానికొచ్చిన మనిషి లిఫ్టు దిగకముందే బేరం తగ్గించేస్తాడు.

ఫొటోగ్రాఫర్‌ని వారం మధ్యలో ఒక రోజు ఉదయం పదకొండింటికి పిలవండి. అప్పుడు సీట్లు నిండి ఉంటాయి, వెలుగు కూడా బాగుంటుంది. కూర్చున్నవాళ్లకు ముందు రోజే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. ఎవరి స్క్రీను మీదున్నదీ ఫొటోలో కనబడకూడదు. అతను అందమైన యాంగిల్ వెతుక్కుంటుంటే మీరు ఈ జాబితా చేతిలో పెట్టండి: రోడ్డు మీంచి బిల్డింగు, గేటు, పార్కింగు, లిఫ్టు, రిసెప్షన్, డెస్కు దగ్గర ప్లగ్గులు, ఒక్కో కేబిన్ తలుపు దగ్గర నిలబడి తీసింది, మీటింగ్ రూములో టీవీ వైరు ఎక్కడుందో తెలిసేది, ప్యాంట్రీ, జనరేటరు, బాత్రూములు.

బాత్రూముల ఫొటో అంటే ఓనర్లు మొహం అదోలా పెడతారు. ఒకాయనతో దానికోసం అరగంట వాదించాను. ఆడవాళ్లు ఆఫీసు చూడ్డానికొచ్చినప్పుడు మొదట అడిగి చూసేది అదేనని వాళ్ల రిసెప్షన్ అమ్మాయే చెబితే గానీ ఒప్పుకోలేదు.

దారి చెప్పే పేజీ

మ్యాప్ ఒక్కటీ అతికించి ఊరుకోకండి. మన దగ్గర దారి చెప్పేది మ్యాపుతో కాదు. "పిల్లర్ నంబరు ఫలానా ఎదురు సందు, బిర్యానీ హోటలు పైన మూడో అంతస్తు" అని ఫోన్లో మీవాళ్లు చెబుతారే, అదే వాక్యాన్ని యథాతథంగా పేజీలో పెట్టండి. మెట్రో స్టేషను ఏ ద్వారం నుంచి దిగాలో, ఎన్ని నిమిషాలు నడకో రాయండి. విశాఖలోనో విజయవాడలోనో అయితే జంక్షను పేరు, దగ్గరి బస్టాపు. కారులో వచ్చేవాళ్లు యూటర్న్ ఎక్కడ తీసుకోవాలో చెబితే మీకు దండం పెడతారు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ఉన్న పేరు, అడ్రసు, ఫోను, పని వేళలు సైటులో ఉన్నవాటితో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి.

ఫోన్లో, మెల్లని నెట్‌లో తెరుచుకోవాలి

డిజైనర్ తన పెద్ద స్క్రీను మీద చూపించినప్పుడు "బాగుంది" అనొద్దు. మీ దగ్గర సెక్యూరిటీ చేసే అతని ఫోను అడిగి, వైఫై ఆపేసి, సెల్లార్‌లో నిలబడి తెరవండి. అక్కడ తెరుచుకుంటే ఎక్కడైనా తెరుచుకుంటుంది.

కొలత కావాలంటే గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో అడ్రసు కొట్టండి. మూడు అంకెలు చూడండి. పేజీలో అన్నిటికంటే పెద్ద బొమ్మో పేరానో కనబడడానికి 2.5 సెకన్లు దాటకూడదు. నొక్కితే స్పందించడానికి 200 మిల్లీసెకన్లు దాటకూడదు. పేజీ లోడవుతుండగా బటన్లు కిందికీ పైకీ గెంతడాన్ని కొలిచే అంకె 0.1 మించకూడదు. సైటు మెల్లగా ఉందంటే పది సార్లలో తొమ్మిది సార్లు దోషి ఫొటోయే. కెమెరా నుంచి వచ్చిన ఐదు ఎంబీల బొమ్మను అలాగే ఎక్కించేస్తారు. వెడల్పు 1600 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ అనే తేలిక ఫార్మాట్‌లోకి మారిస్తే రెండు మూడు వందల కేబీల్లోకి వస్తుంది, కంటికి తేడా తెలియదు. హోమ్ పేజీ వెనక ఆడే వీడియో కావాలని పట్టుబడితే, డేటా ఖర్చు కస్టమరుదేనని గుర్తుంచుకోండి.

లింకు వాట్సాప్‌లో పంపితే ఏ బొమ్మ, ఏ వాక్యం కనబడుతుందో కూడా ముందే పెట్టించండి. ఆఫీసు వెతికేవాడు పార్టనర్‌కి పంపేది ఆ లింకే. అక్కడ ఖాళీ డబ్బా కనబడితే ఎవరూ నొక్కరు. 1200 అడ్డం, 630 నిలువు పిక్సెళ్ల బొమ్మ సరిపోతుంది.

తెలుగు పేజీ పెడితే

హైటెక్ సిటీ బ్రాంచీకి అవసరం పడకపోవచ్చు. గుంటూరు, రాజమండ్రి, వరంగల్, తిరుపతి లాంటి చోట్ల ట్యూషన్ చెప్పేవాళ్లు, ఇన్సూరెన్స్ ఏజెంట్లు, చిన్న ట్రేడర్లు మీ కస్టమర్లయితే రేట్ల పేజీ, దారి పేజీ అయినా తెలుగులో ఉంచండి. అనువాదం యంత్రానికి అప్పజెప్పి ఊరుకోవద్దు. "హాట్ డెస్క్"ని (ఫలానా వాళ్లదని కాకుండా ఎవరైనా కూర్చునే సీటు) "వేడి బల్ల" అని రాసిన పేజీ నేను కళ్లారా చూశాను.

మీ బ్రోషరు ప్రింటింగ్ ప్రెస్సులో అను ఫాంట్లతో టైపు చేసి ఉంటుంది. దాన్ని కాపీ చేసి సైటులో వేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి (ఏ ఫోన్లోనైనా తెలుగు సరిగ్గా కనబడే పద్ధతి) మార్పించాలి, మార్చాక వత్తులూ పొల్లులూ ఒకసారి చదివి సరిచూడాలి. ఫాంటు విషయంలో, మండలి, రామభద్ర లాంటివి ఒకే మందంతో వస్తాయి. వాటికి బోల్డ్ పెడితే బ్రౌజరే బలవంతంగా లావు చేసి అక్షరాల కడుపులు పూడ్చేస్తుంది. హెడ్డింగులకూ మామూలు వాక్యాలకూ కలిపి ఒకటే కావాలంటే నోటో సాన్స్ తెలుగు నిశ్చింత. లైన్ల మధ్య ఎడం ఇంగ్లీషుకు పెట్టినంత పెడితే కింద లైను గుడులు పై లైను వత్తుల్లో దూరిపోతాయి. అక్షరం సైజుకు 1.7 రెట్లు ఇచ్చి చూడండి.

ఫారమూ, వాట్సాపూ

పేరు, ఫోను, ఎన్ని సీట్లు, ఎప్పటి నుంచి. ఫారంలో ఈ నాలుగూ చాలు. ఈమెయిల్ తప్పనిసరి చేయొద్దు, కంపెనీ పేరు అసలొద్దు. వివరాలు తీసుకుంటున్నది దేనికో ఒక వాక్యం రాసి, సరేననే గుర్తు పెట్టించుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ సమ్మతి కోరే మాటను ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో గానీ చదువుకునే వీలుండాలంటుంది. ఆ షెడ్యూల్లో తెలుగూ ఉంది.

ఫారం నింపితే మెయిల్ ఎవరికి వెళ్తుందో స్వయంగా పరీక్షించండి. హోస్టింగ్ సర్వరు నుంచి నేరుగా వెళ్లే మెయిళ్లు స్పామ్‌లో పడడం చాలా మామూలు. సరైన ఎస్ఎంటీపీ (మెయిల్ పంపే ఏర్పాటు) సెట్ చేయించండి.

వాట్సాప్ బటన్ ప్రతి పేజీలోనూ కింద కుడివైపు ఉండనివ్వండి. ఏ పేజీ నుంచి నొక్కితే ఆ పేజీకి తగ్గ మాట ముందే టైపై రావాలి: "మీటింగ్ రూము గురించి, ఎనిమిది మందికి" అన్నట్టు. అప్పుడు మీ రిసెప్షన్‌కి "హాయ్" అనే ఒంటరి మెసేజిల బెడద తగ్గుతుంది. నంబరు ఎవరి సొంత ఫోన్లోనో కాకుండా ఆఫీసు వాట్సాప్ బిజినెస్‌లో ఉండాలి. ఆ మనిషి ఉద్యోగం మానేస్తే కస్టమర్లూ అతని వెంటే పోతారు.

మీటింగ్ రూములకూ డే పాస్‌లకూ ఆన్‌లైన్లో డబ్బు కట్టే ఏర్పాటు చేస్తే మంచిదే. పేమెంట్ గేట్‌వేవాళ్లు ఖాతా తెరవడానికి నిబంధనలు, ప్రైవసీ, రద్దు–వాపసు పేజీలు అడుగుతారు, ఆ పేజీలు ముందే రాసుకోండి. కేబిన్లకు ఆన్‌లైన్ బుకింగ్ వద్దు. అక్కడ "చూడ్డానికి రండి" అన్న బటనే చాలు.

మార్చే రోజు

ముహూర్తం చూసుకుంటే చూసుకోండి, శుక్రవారం సాయంత్రం మాత్రం వద్దు. ఏదైనా చెడితే బాగుచేసేవాడు సోమవారం దాకా దొరకడు. నెలాఖరూ, ఒకటో తారీకూ వద్దు, అప్పుడు బిల్లులూ రెన్యువళ్లూ ఉంటాయి. నెల మధ్యలో మంగళవారమో బుధవారమో పొద్దున పెట్టుకోండి.

ముందు రోజు పాత సైటు మొత్తం బ్యాకప్ తీయండి. డీఎన్ఎస్‌లో (డొమైన్ ఏ సర్వరుకు వెళ్లాలో చెప్పే పట్టిక) టీటీఎల్‌ని, అంటే పాత వివరాన్ని ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకెను, 300 సెకన్లకు తగ్గించండి, మార్పు త్వరగా అందరికీ చేరుతుంది. నేమ్‌సర్వర్లు (ఆ పట్టిక ఉండే సర్వర్లు) మార్చాల్సి వస్తే మెయిల్‌కు సంబంధించిన ఎంఎక్స్ రికార్డులు కొత్త చోట ముందే రాసుకోండి. ఇది నా సొంత దెబ్బ. మొదటిసారి నేను సైటు గురించే ఆలోచించి నేమ్‌సర్వర్లు మార్చేశాను. సైటు మెరిసిపోతోంది, అందరూ శభాష్ అన్నారు. సాయంత్రానికి అర్థమైంది, పొద్దుటి నుంచి వాళ్లకు ఒక్క మెయిలూ రాలేదు.

ముందే తయారుచేసుకున్న ఆ అడ్రసుల పట్టిక ఇప్పుడు బయటికి తీయండి. ప్రతి పాత అడ్రసూ దానికి సరిపోయే కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ (అడ్రసు శాశ్వతంగా మారిందని చెప్పి దారి మళ్లించడం) కావాలి. అన్నింటినీ హోమ్ పేజీకి తిప్పేయడం పని ఎగ్గొట్టడమే. ఈ రీడైరెక్టులు కనీసం ఏడాది ఉంచమని గూగులే చెబుతుంది. నేనైతే తీయనే తీయను.

మీ సైటు వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేరుతో కట్టిందైతే, సెట్టింగుల్లో సెర్చ్ ఇంజన్లను రావొద్దనే గడి ఒకటుంటుంది. తయారీలో ఉన్నప్పుడు అందులో టిక్కు పెడతారు, బయటికి వదిలాక తీయడం మర్చిపోతారు. కొత్త సైటు గూగుల్లోంచి మెల్లగా మాయమైపోతుంటే పోటీవాణ్ని అనుమానించేముందు ఆ గడి చూడండి. తర్వాత కొత్త సైట్‌మ్యాప్‌ను (సైటులోని పేజీల జాబితా) సెర్చ్ కన్సోల్‌లో ఇవ్వండి. బిజినెస్ ప్రొఫైల్‌లో, ఇన్‌స్టాగ్రామ్ బయోలో, ఈమెయిల్ సంతకాల్లో, గేటు దగ్గర బ్యానర్ మీది క్యూఆర్‌లో ఉన్న లింకులు ఒక్కొక్కటి నొక్కి చూడండి. క్యూఆర్ సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఆ తర్వాత

మొదటి రెండు మూడు వారాలు గూగుల్లో స్థానం కాస్త ఊగుతుంది. కంగారుపడి మళ్లీ అన్నీ మార్చకండి. సెర్చ్ కన్సోల్‌లో దొరకని పేజీల జాబితా వారానికోసారి చూసి, తప్పిపోయిన రీడైరెక్టులు కలుపుతూ పోండి.

నెల గడిచాక రిసెప్షన్‌లో అదే నోట్‌బుక్కు ఇంకో వారం పెట్టించండి. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. "సీటు ఎంత" అన్న ఫోన్లు తగ్గి "గురువారం వచ్చి చూడొచ్చా" అన్న ఫోన్లు పెరిగితే రేట్ల పేజీ పనిచేస్తున్నట్టు. "పార్కింగ్ ఉందా" అని ఇంకా అడుగుతూనే ఉన్నారంటే, ఆ ఫొటో ఎక్కడో అడుగున పడి ఉంది. దాన్ని పైకి జరపండి, కింద కార్లు ఎన్ని పడతాయో అంకె వేయండి.